నిలబడి గీసే సుద్ద

లాఫ్ట్‌లో నాతో పాటు పనిచేసిన మనిషి పోయి నెల దాటింది. మాకు చుట్టరికం లేదు. నాది గోదావరి జిల్లా, అతనిది జాలరిపేట. అయినా మొదటి రోజు నుంచీ నన్ను బావా అనే పిలిచాడు.

లాఫ్ట్ అంటే ఓడలు కట్టే యార్డులో ఒక పెద్ద హాలు. ఓడ వంపులను అసలు కొలతలోనే దాని చెక్క నేల మీద సుద్దతో గీస్తారు. వరుసగా మేకులు కొట్టి, వాటి వెంట సన్నని బద్దను వంచి నిలిపి, దాన్ని ఆనుకుని మోకాళ్ళ మీద పాకుతూ గీయాలి. పందొమ్మిది వందల డెబ్బైల చివర్లో అతని కుడి మోకాలు వంగడం మానేసింది. ఇక గేటు దగ్గరి స్టోర్లో కూర్చోమన్నాడు ఫోర్‌మన్. గీయడం తప్ప మరో పని అతనికి అక్కర్లేదు. నిలబడి గీసే దారి చూసుకుంటానని వారం గడువు అడిగి తెచ్చుకున్నాడు.

నేను డ్రాఫ్ట్స్‌మన్‌ని కాబట్టి ముందు కాగితం తీసి బొమ్మ వేశాను. వెదురుకర్ర, చివర ఇత్తడి గొట్టం, అందులో సుద్ద. కర్ర ఎత్తు అతని మోచేతికి సరిపెట్టాను. ఆ ప్రకారం చేసిన కర్రతో అతను నడుస్తూ గీసి చూస్తే కుడికాలు పడిన ప్రతిచోటా గీత లావెక్కింది. పిడి మార్చాను, సైకిల్ ట్యూబు రబ్బరు చుట్టాను. లాభం లేకపోయింది.

"ఏటి బావా, నువ్వు నిలబడ్డోడికి సేత్తన్నావ్. నాను నడిసీవోణ్ణి," అన్నాడు. "అందులోనూ కుంటోణ్ణి."

మర్నాడు అతనే ఒక లావు వెదురు కణుపు, వల అడుగున కట్టే సీసపు గుళ్ళు తెచ్చాడు. గుళ్ళను కర్ర కింది భాగాన కట్టాడు. కర్రను బోలు కణుపులో దూర్చి, కణుపును మాత్రమే పట్టుకున్నాడు. అడుగు వేసినప్పుడల్లా చెయ్యి లేచి పడుతోంది. కర్ర మాత్రం తన బరువుతో తాను నేలను అంటిపెట్టుకుని సాగుతోంది. బిగుతైన చోట కణుపు లోపల గీకడం, మళ్ళీ నడవడం, ఇలా రెండు రోజులు. నేను వెనకే వెళ్ళి గీత మందం చూసి చెప్పేవాణ్ణి. నా కాగితం సంగతి ఇద్దరం ఎత్తలేదు.

గడువు చివరి రోజు పక్కపక్కనే రెండు గీతలు గీశాం, అతను నిలబడి ఒకటి, నేను కూర్చుని ఒకటి. ఫోర్‌మన్ వంగి రెండూ చూసి, నా గీత పక్కన బూటు ఆనించాడు.

"కర్రతో గీసింది ఇదే కదా. లావొచ్చింది."

"అది గోదారోడి మోకాళ్ళ పనితనం సార్."

ఫోర్‌మన్ నవ్వలేదు. స్టోర్‌కి వేరే మనిషిని చూసుకుంటానని వెళ్ళిపోయాడు.

సోమవారం కొత్త ఓడ వంపులు మొదలుపెట్టాం. మేకులు కొట్టడానికి మాత్రం ఎవరో ఒకరు కింద కూర్చోక తప్పదు.

"వంగు బావా, సూత్తావేటి," అన్నాడు.

నేను సుత్తి తీసుకుని మోకాళ్ళ మీద కూర్చున్నాను.