అన్న చెప్పిన మలై

దయ్యాలు, ఆత్మలు అంటే నవ్వే రకం నేను. స్కూల్లో ఫిజిక్స్ టీచర్‌ని. మా పెద్దమ్మ ఒకసారి గదిలో ఎవరినో చూశానంటే, కళ్లద్దాలు మార్చుకోమన్నాను. అందుకే ఇది రాయడానికి నాకే సిగ్గుగా ఉంది.

మా అన్న తమిళనాట పోదనూరు రైల్వేలో సిగ్నల్ మెకానిక్. కాలనీలోని ఒక ఆంగ్లో ఇండియన్ డ్రైవరు రిటైరై వెళ్తూ ఇచ్చిన సీడీ అంటే అన్నకు ప్రాణం. గంటకు పైగా సాగే పెద్ద సింఫనీ. వందమంది దాకా కలిసి వాయిస్తారు. "లోకంలో ఉండేదంతా దీంట్లో ఉండాది అమ్మిణీ" అనేవాడు. పక్కన కూర్చోబెట్టుకుని, ఇక్కడ పొద్దు పొడుస్తుంది, ఇక్కడ పశువులు లేస్తాయి, ఇక్కడ మనిషికి భయం పుడుతుంది అని చెప్పేవాడు. నేను పశువులు లేచేలోపే నిద్రపోయేదాన్ని. చివరి భాగం ఒక్కసారి కూడా వినలేదు.

నిరుడు అన్నకు కాలేయం చెడిపోయింది. ఆస్పత్రిలో ఒక మధ్యాహ్నం ఫోన్‌లో అదే పెట్టి, ఒక ఇయర్‌ఫోన్ నా చెవిలో పెట్టాడు. "ఈ తూరి కడదాకా విను. కడసీలో ఏముండాదో చెప్తా" అన్నాడు.

పది నిమిషాలు విన్నాను. పరీక్ష పేపర్లు దిద్దాలి, రేపు వింటాను అని లేచాను. సరి, పోయి రా అన్నాడు. మర్నాటికి అన్న లేడు.

కర్మలన్నీ అయ్యాక ఒక ఆదివారం పగలు, అన్న ఇంట్లో ఆ సీడీ పెట్టుకుని కూర్చున్నాను. వదిన వంటింట్లో ఉంది. మొదటిసారి చివరి భాగం దాకా వచ్చాను. వయొలిన్లు చాలా నెమ్మదిగా మొదలయ్యాయి. ఇక ముగిసిందనుకున్న చోటల్లా మళ్లీ పైకి లేచాయి. ఇంత అందాన్ని అన్న ఇన్నేళ్లూ ఒంటరిగా విన్నాడే అని ఏడుపొచ్చింది.

అప్పుడు నా కుడి చెవి పక్కన అన్న గొంతు.

"ఇక్కడ మలై."

వదిన తడి చేతులతో హాల్లోకి వచ్చింది. "ఎవురు మాట్లాడింది?" అంది. నేను జవాబు చెప్పకముందే, "గొంతు ఆయందే. మాట తెలియలే" అని గోడకు ఆనుకుని కూర్చుంది.

ఆ సీడీని తర్వాత ఎన్నిసార్లు వేశానో లెక్కలేదు. వేరే ప్లేయర్‌లో కూడా వేశాను. ఆ చివరి భాగంలో మనిషి గొంతే లేదు. దుఃఖంలో ఇలా వినిపిస్తుందని డాక్టరు అన్నారు. ఇద్దరికీ ఒకేసారి ఎలా వినిపించిందో నాకు ఈ రోజుకీ తెలియదు.

మా ఇళ్లలో తెలుగు మాట్లాడుతూనే మధ్యలో తమిళంలోకి జారిపోతాం. తమిళంలో కొండ మలై, వాన మళై. ఆ రెండోది అన్న నోట ఎన్నడూ సరిగ్గా పలకలేదు. ఆయనకు రెండూ మలైలే. స్కూల్లో దీనికే ఏడిపించేవారు.

ఇప్పుడు ఆ చివరి భాగాన్ని ఒకరోజు వాన అనుకుని వింటాను, ఒకరోజు కొండ అనుకుని వింటాను. రెండూ సరిపోతాయి. అన్న విన్నది ఏదో నాకు తెలియదు, ఇక తెలియబోదు. ఏ మలై అన్నా అని ఒక్కమాట అడిగితే సరిపోయేది. ఆ ఆదివారం నా చెవి పక్కనే ఉన్నాడు. అప్పుడు కూడా నేను అడగలేదు.