పిల్లల కోసం పదకొండు దినాల దీక్ష

పెండ్లయి నాలుగేండ్లయినా నా కడుపు పండలేదు. ఈ సంగతి చాంద్రాయణగుట్టల మా ఇంటి గోడలకు, గోడ అవతలి వాళ్ళకు, మా ముందట ఆగే ప్రతి బస్సు కండక్టరుకు తెలుసు. మా అత్త గొంతు అట్లాంటిది. ఆమె ఇంట్ల గుసగుస పెడితే చార్మినార్ కాడ గాజులమ్మేటోడు తలెత్తి చూసేటోడు.

డెబ్బైలల్ల ఒక ఎండాకాలం ఆ గుసగుస మారింది. "దసరా దాక చూస్త. గప్పటికీ గిట్లనే ఉంటే మాదన్నపేటల నా తమ్ముని బిడ్డ ఉన్నది. పిలగాడు మళ్ళ చేస్కుంటడు" అన్నది. పిలగాడంటే నా మొగడు. బస్సు డిపోల మెకానిక్. తల్లి ముందట నోరు విప్పేటోడు కాదు.

అట్లని మా అత్త నా కోసం ఏమీ చెయ్యలేదంటే పాపం తగుల్తది. మూడేండ్ల సంది నాతోని దీక్ష చేయిస్తున్నది. నెల నెలా నాలుగు దినాలు బయట కూసునుడు, అయిదో నాడు తలస్నానం, ఆ నాటి నుంచే పదకొండు దినాల దీక్ష. ఒంటిపూట తిండి. పొద్దుగాల గుడి చుట్టూ నూటొక్క ప్రదక్షిణలు. అవన్నీ ఒక్క తొవ్వల పరిస్తే నేను కాశికి పోయి, స్నానం చేసి, పొయ్యి మీది పాలు పొంగకముందే ఇంటికొచ్చేదాన్ని. మొగడు అర్రల, నేను మా అత్త పక్కల చాప మీద. పదహారో నాడు కొబ్బరికాయ కొట్టి "ఇగ పో" అని అర్రలకు తోలేది. మళ్ళ ముట్టు వచ్చిందంటే "దీక్షల ఏదో తప్పు చేసినవ్, మొదటి నుంచి పట్టు" అనేది.

ఆఖరుకు నేనే అన్న: "ఒక్కసారి డాక్టరమ్మకు చూపెట్టుకుంట అత్తమ్మా. నాల లోపముంటే మీ తమ్ముని బిడ్డను నేనే హారతిచ్చి తెచ్చుకుంట."

చార్మినార్ వెనుక గల్లీల ఒక డాక్టరమ్మ ఉండేది. ముగ్గురం బస్సెక్కినం. తన వైపు తప్పు లేదని చూపియ్యటానికి మా అత్త గోడ మీది క్యాలెండరు పీకి వెంట తెచ్చింది. దుప్పటంత క్యాలెండరు. చుట్ట చుట్టి సంకల పెట్టుకుంటే బస్సుల సగం మందికి పొడుచుకున్నది. దీక్ష దినాలన్నిటికీ దాని మీద కుంకుమ బొట్లు పెట్టి ఉన్నయి.

దవాఖానల ఆడోళ్ళు ఎంతమందంటే, వాళ్ళతోనే ఒక జిల్లా పెట్టొచ్చు. మొగోళ్ళు బయటనే ఆగాలె. మా వంతు వచ్చినంక డాక్టరమ్మ అడిగింది: "ఎన్ని దినాలకొకసారి వస్తది బేటీ?"

నాకు తెల్వదు. మా అత్త చెప్పింది: "ఇరవై ఎనిమిది. పంచాంగమన్న తప్పుతది గని గిది తప్పది."

"నడుమ దినాలల్ల కోడిగుడ్డు తెల్లసొన లెక్క జిగటగ ఏమన్న కనపడ్తదా?"

"కనపడ్తది" అన్న, సిగ్గుతోని సగం చచ్చి.

"అది వేడి" అన్నది మా అత్త. "నేను సబ్జ నీళ్ళు తాపిస్త."

"వేడి కాదమ్మా. అండం వచ్చే దినాలు దగ్గరపడ్డయని ఒళ్ళు చెప్పుడు." డాక్టరమ్మ పెన్సిల్ తీసింది. "నెలకు ఒక్కటే అండం. మళ్ళ ముట్టు రావటానికి సుమారు పద్నాలుగు దినాల ముందట విడుదలైతది. బతికేది ఒక్క దినం. మొగోని బీజం మూడు నాలుగు, ఒక్కోసారి అయిదు దినాలు ఆగుతది. అంటే అండం వచ్చే దినం, దానికి ముందటి అయిదు దినాలు. గివే పని చేసే దినాలు."

నెలకొకటేనా? మా వాకిట్ల కోడి నా కన్న నయం. ఇరవై రెండేండ్లు ఈ ఒంట్లనే కాపురమున్న, ఒక్కరు గూడ ఈ ముక్క చెప్పలే.

డాక్టరమ్మ ముట్టు మొదలైన దినం నుంచి లెక్కపెట్టి, క్యాలెండరు మీద తొమ్మిదో నాటి నుంచి పద్నాలుగో నాటి దాక సున్నలు చుట్టింది. ప్రతి సున్నల ఒక కుంకుమ బొట్టు.

"గీ ఎర్ర బొట్లేంది?"

"దీక్ష. పిల్లలు కావాలని" మా అత్త మెడ నిలబెట్టి చెప్పింది.

"దీక్షల ఈ పిల్ల ఎక్కడ పండుకుంటది?"

"నా పక్కల."

డాక్టరమ్మ అద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "అమ్మా, పిల్లలు కావాలని మూడేండ్ల సంది నువ్వే అడ్డం పండుకున్నవు."

మా అత్త గొంతు బందయింది. పెండ్లినాటి సంది నేను మొదటిసారి ఫ్యాను తిరిగే సప్పుడు విన్న.

నా మొగణ్ణి లోపలికి పిలిపించి అంతా మళ్ళ చెప్పింది డాక్టరమ్మ. కండ్లు మూసుకొని బస్సు ఇంజను విప్పి బిగించే మనిషి చెవుల దాక ఎర్రబడి గచ్చును చూసుకుంట నిలబడ్డడు. "గింతేనా?" అన్నడు మెల్లగ.

"గింతే అని నెల తిరిగేసరికి అయితదనుకోకు. అందరికీ టైం పడ్తది. ఆర్నెల్లు చూసి, కాకుంటే ఇద్దరికీ పరీక్షలు చేస్త. నీకు గూడ."

"పిలగానికెందుకు?" అన్నది మా అత్త. అప్పుడు కొంచెం పానం కుదుటపడ్డది నాకు. మనిషి బతికే ఉన్నది.

ఆ నెల తలస్నానం నాడు నా కన్న ముందే ఆమె తలమీద నీళ్ళు పోసుకొని, చాప ఏసుకున్నది. "మొక్కిన దీక్ష ఇడిస్తే దేవుడు ఊకోడు. నేను చేస్త. నువ్వు అర్రలకు పో" అన్నది.

నెలలు గడిచినయి. దసరా వచ్చింది, పోయింది, నాకు ముట్టు మాత్రం తప్పలేదు. పానం గుప్పిట్ల పెట్టుకొని నేనే అడిగిన: "మీ తమ్ముని బిడ్డ సంగతి ఏం చేసిండ్రు అత్తమ్మా?"

"దానికేం తెల్సు, ఏ దినం ఏందో? మళ్ళ మొదటి నుంచి చెప్పుకుంట కూసునే ఓపిక నాకు లేదు."

దీపావళి దాటినంక ఒకనాడు నేను నీళ్ళ బిందె ఎత్తపోతున్న. గుడికి బయలెల్లిన మా అత్త గడప కాడ ఆగి వెనక్కి చూసింది.

"ముప్పై రెండో దినం" అన్నది. మొదటిసారి నిజంగనే గుసగుసగ. "బిందె కింద పెట్టు."