వల లాగే చోటు

పెద్ద తుపాను విశాఖను ఊడ్చిపెట్టి పోయిన మరుసటి వేసవిలో నన్ను తీరప్రాంతానికి ఫారెస్ట్ రేంజ్ అధికారిగా బదిలీ చేశారు. అంతవరకు నా ఉద్యోగమంతా కొండల్లోనే గడిచింది. వెదురు నరికే కూపులు, కలప దొంగలు, చిరుతపులి దిగిందన్న పుకార్లు, ఇదీ నా అనుభవం. సముద్రమంటే ఆదివారం పిల్లల్ని తీసుకెళ్లి ముంత మసాలా కొనిపెట్టే చోటు మాత్రమే. సీతమ్మధారలో మా వీధిలో కూలిన చెట్ల మోడులు ఇంకా తీయనే లేదు, వెంటనే చార్జి తీసుకోమని ఉత్తర్వు వచ్చింది.

మా శాఖలో మెట్లు తెలియనివారి కోసం ఒక మాట. మొక్కల దగ్గర రోజూ తిరిగేవాడు బీట్ అధికారి. అతని పైన సెక్షన్ అధికారి, ఆ పైన రేంజ్ అధికారి, ఆ పైన డివిజనంతటికీ పెద్ద అయిన డీఎఫ్ఓ. పథకాలు పైనుంచి దిగుతాయి, చీవాట్లూ పైనుంచే దిగుతాయి. రేంజ్ అధికారి మధ్యలో నిలబడి రెండు పక్కలా తలూపుతుంటాడు.

నాకు అప్పగించిన పని తీర రక్షణ వనం. అంటే సముద్రానికీ ఊరికీ మధ్య ఇసుకలో సరుగుడు మొక్కలు వరుసలుగా నాటడం. ఒక వరుస ఖాళీకి ఎదురుగా తర్వాతి వరుసలో మొక్క వచ్చేలా, సందుచుక్కల ముగ్గు పెట్టినట్టు నాటుతాం. చెట్లు ఎదిగితే గాలి జోరు తగ్గుతుంది, ఎగిరే ఇసుక ఆగుతుంది. పని మొదలుపెట్టే ముందు మా అందరికీ సుస్థిరాభివృద్ధి మీద శిక్షణ ఇచ్చారు. రేపటి వాళ్ల అవసరాలకు గండి కొట్టకుండా నేటి వాళ్ల అవసరాలు తీర్చుకోవడమే దాని సారం. పదిహేడు లక్ష్యాలున్న రంగురంగుల పటం ఒకటి ఇస్తే తెచ్చి ఆఫీసు గోడకు తగిలించాను. ఆకలిని తొలగించడం ఒక గడి, తీరాన్ని కాపాడడం ఒక గడి, వాతావరణం ఒక గడి. పటంలో ఆ గళ్లన్నీ ఒకదానితో ఒకటి తగాదా లేకుండా చక్కగా సర్దుకుని ఉన్నాయి.

మొదట ఎంచుకున్నది ఉక్కు కర్మాగారం దాటాక, పరవాడ పొగగొట్టాలు కనిపించే దూరంలో ఉన్న చిన్న మత్స్యకార గ్రామం. తుపానుకు ఎక్కువ దెబ్బతిన్న ఊళ్లలో అదొకటి. వేసవిలో సర్వే చేశాం. తీరం ఖాళీగా ఉంది. ఒడ్డున బోర్లించిన తెప్పలు, ఎండలో పడుకున్న కుక్కలు తప్ప ఏమీ లేవు. పటం మీద ఊరికి ముందు తిన్నగా ఒక గీత గీశాం. గ్రామసభ పెట్టి చదివి వినిపించాం. తుపాను భయం ఇంకా ఆరలేదు కాబట్టి అందరూ సరేనన్నారు. అందరికంటే ముందు సరేనన్నది పోలమ్మ.

పోలమ్మకు అరవై దాటి ఉంటాయి. భర్త సముద్రం మీద పోయాడు, పిల్లలు లేరు. ఊళ్లో సముద్రానికి అన్నిటికంటే దగ్గరగా ఉన్నది ఆమె ఇల్లే. తుపానుకు కప్పు ఎగిరిపోయి, తూర్పు గోడ కూలిపోతే, ఆమె మళ్లీ కట్టుకుంది. “మా ఇంటెదర ముందు ఏయించండి బాబూ. మళ్లీ ఆ గాలొత్తే నాను తట్టుకోనేను” అని సభలో లేచి అడిగింది. ఆ మాట నాకు బాగా నచ్చింది. నా నివేదికలో రాసుకున్నాను కూడా.

వానలు పడగానే నాటాం. మొక్కలు మోకాలెత్తు వచ్చాయి. వానాకాలం వెళ్లి సముద్రం సద్దుమణిగిన రోజుల్లో బీట్ అధికారి రమణ ఫోన్ చేశాడు. పోలమ్మ ఇంటికి ఎదురుగా ఒక పట్టీ మేర మొక్కలు లేవట. కాపలాకు ఆ ఊరివాడే సింహాచలాన్ని పెట్టుకున్నాం. అతన్ని అడిగితే, “మేకలు తినీసినాయి బాబూ” అన్నాడట. మేక చిగుళ్లు కొరుకుతుంది గానీ, మొక్కను వేళ్లతో సహా పట్టుకుపోయి గుంత పూడ్చి వెళ్లదు. సింహాచలానికి మేకల సంగతి తెలియక కాదు, మా సంగతి తెలియక అలా అన్నాడు.

రమణ అనుమానం ఎల్లాజీ మీద. ఎల్లాజీ ఊళ్లో పెద్దవల నడిపే మనిషి, పోలమ్మకు వరసకు మరిది. మొక్కలు అడ్డంగా ఉన్నాయని అంతకు వారం ముందే అతను రమణతో గట్టిగా పోట్లాడాడు. రమణ మొదటి నివేదిక సిద్ధం చేశాడు. దాని మీద నేను సంతకం పెడితే ప్రభుత్వ ఆస్తికి నష్టం కలిగించాడని ఎల్లాజీ మీద కేసు అవుతుంది. వల పడే కాలమంతా అతను కోర్టు చుట్టూ తిరుగుతాడు. అతను లేకపోతే వల దిగదు. సంతకం పెట్టే ముందు ఒకసారి చూసి వద్దామని జీపు ఎక్కాను. అది నా మంచితనం కాదు. కేసు పెట్టాక వాయిదాలు నన్ను ఎంత తినేస్తాయో కొండల్లో ఉండగానే తెలుసుకున్నాను.

వెళ్లేసరికి వల లాగుతున్నారు. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు. పెద్దవలను తెప్పలో తీసుకెళ్లి సముద్రంలో అర్ధచంద్రంగా దింపి, రెండు కొసల తాళ్లూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడును ఒక గుంపు పట్టుకుని లాగుతూ, వెనక్కి వెనక్కి అడుగులేస్తూ ఊరివైపు నడుస్తారు. వెనక చివర ఉన్న మనిషి ఇసుక మెట్ట దాకా వచ్చాక తాడు వదిలి, నీటి అంచుకు దిగిపోయి మళ్లీ ముందు పట్టుకుంటాడు. అలా వల ఒడ్డుకు చేరేదాకా తిరుగుతూనే ఉంటారు. అంటే నీటికీ ఊరికీ మధ్య ఉన్న ఇసుకంతా వాళ్లకు కావాలి. మేము సర్వే చేసింది వల పడని కాలంలో. మా కళ్లకు ఖాళీగా కనిపించిన ఆ ఇసుక, ఏడాదిలో సగం వాళ్ల పనిచోటు. మా గీత సరిగ్గా దాని నడుము మీదుగా పోయింది.

తాడు పట్టుకున్నవాళ్లలో ముసలివాళ్లున్నారు, ఆడవాళ్లున్నారు. వెనక చివర, చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని, వంగి లాగుతున్న మనిషి పోలమ్మ.

వల పైకొచ్చాక ఎల్లాజీని అడిగాను. అతను తల దించలేదు. “మొక్కలు నాను పీకనేదు బాబూ. పీకాలని మాత్రం రోజూ అనుకున్నాను” అన్నాడు. రమణ ఏదో అనబోతుంటే పోలమ్మ చేతులు కొంగుకు తుడుచుకుంటూ వచ్చింది. “ఆడ్నేటి అడుగుతారు? నానే తీసీసినాను. సంపనేదు. రండి, సూద్దురుగాని” అంది.

ఇంటి వెనక్కి తీసుకెళ్లింది. మా మొక్కలన్నీ అక్కడే ఉన్నాయి. గోడకు ఆనించి దడి కట్టినట్టు ఇరుకిరుకుగా నాటేసింది. సగం ఎండిపోయాయి, సగం పచ్చగా ఉన్నాయి. ఒక్కో పాదులో తడి కనిపిస్తోంది. తాగే నీళ్లు దూరం నుంచి మోసుకొచ్చే ఊరది.

నాకు కోపం వచ్చిందని దాచను. ముందు వేయమన్నది ఆమే, పీకిందీ ఆమే. నీ ఇల్లు కాపాడడానికి వేసిన మొక్కలు నువ్వే తీసేస్తే ఎలాగని గట్టిగానే అన్నాను. ఆమె కూడా గట్టిగానే చెప్పింది. “ఇల్లు పడిపోతే మళ్లీ ఏసుకుంతాను. మొన్న ఏసుకోనేదేటి? తాడు లాగడానికి చోటు నేకపోతే నానేటి తింతాను బాబూ? నన్ను బోటెక్కించుకుంతారేటి ఎవులైనా?”

పెద్దవలకు ఒక కట్టుబాటు ఉంది. ముసలైనా, ఆడదైనా, తాడు మీద చెయ్యి వేసిన ప్రతి మనిషికీ చేపల్లో వాటా ఇవ్వాలి. హార్బరు బోట్లలో ఇలాంటివాళ్లకు చోటు లేదు. వల ఆగితే వయసువాళ్లు ఏదో ఒక బోటు ఎక్కేస్తారు. ఒడ్డున మిగిలేది పోలమ్మలాంటివాళ్లు. ఇదంతా ఆమె సభలో ఎందుకు చెప్పలేదని అడిగాను. తన ఇంటి గుమ్మం ముందు మొక్కలు వేస్తారనుకుంది గానీ, అన్ని వరుసలు వేసి ఇసుకంతా ఆక్రమిస్తారని అనుకోలేదట.

వలలు బాగుచేసుకునే పాకలో ఊరిని కూర్చోబెట్టాను. ఆ పట్టీని అలాగే వదిలేస్తే సరిపోతుందని ఎల్లాజీ మనుషులన్నారు. వెనక వీధిలో ఆటో నడుపుకునే ఒకాయన లేచి, “ఆ సందులోంచి గాలొచ్చి మా ఇళ్లమీద పడితే ఎవులు సూత్తారు? మాకు పిల్లల్నేరేటి?” అని అడిగాడు. ఆయన అడిగిందీ న్యాయమే. వల లాగేవాళ్ల నేటి కూడు, వెనక వీధి పిల్లల రేపటి కప్పు ఒకే ఇసుక మీద పడ్డాయి. నా గోడ మీది పటంలో ఈ తగాదా లేదు.

చివరికి మేము చేసింది ఇది. వల లాగుతుండగా, తాడు వదిలే మనిషి మడమ ఎంతదాకా వస్తుందో సున్నంతో గుర్తు పెట్టించాను. ఆ గుర్తులు పోలమ్మ గుమ్మం దాకా వచ్చాయి. ఆ భాగంలో గీతను వెనక్కి వంచి, మొక్కల వరుసలను ఆమె ఇంటి వెనక, వెనక వీధికి ముందు వేయాలన్నది నా సవరణ. వెనక వీధికి రక్షణ తగ్గదు, వలకు చోటు మిగులుతుంది. గీతకు బయట ఉండిపోయే ఇల్లు ఒక్కటే. అది ఎవరిదో చెప్పక్కర్లేదు. తుపాను గాలి ఎప్పుడూ ఎదురుగానే కొట్టదు. ఈశాన్యం నుంచి మొదలయ్యేదే ఎక్కువ. కాబట్టి ఆ పక్కన కొన్ని చెట్లు చిక్కగా వేయగలమని, అంతకంటే ఏమీ చేయలేమని ఆమెతో చెప్పాను. “అలాగే కానీండి” అంది. ఆ వేళ ఎల్లాజీ మాత్రం, “ఒద్దొదినా, ఆలోసించుకో” అని రెండుమూడు సార్లు అన్నాడు. ఆమె వినిపించుకోలేదు.

మంజూరైన పటం మార్చాలంటే డీఎఫ్ఓ ఆమోదం కావాలి. మేడమ్ నా సవరణ మొత్తం చదివి, రేపు తుపానుకు ఆ ఇల్లు పోతే జవాబు ఎవరు చెబుతారని అడిగారు. నేనే చెబుతానన్నాను. ఆ మాట కాగితం మీద రాసివ్వమన్నారు. రాసిచ్చాను. తర్వాత ఆవిడ స్వయంగా వచ్చి, సున్నం గుర్తుల వెంట నడిచి చూసి, ఆమోదించారు. కొత్త పటంలో ఆ జాగాకు ఏం పేరు పెట్టాలని సర్వేయరు అడిగాడు. మా లెక్కల్లో మొక్క లేని చోటును ‘ఖాళీ స్థలం’ అని రాయడం అలవాటు. ‘వల లాగే స్థలం’ అని రాయించాను. ఎల్లాజీ మీద నివేదిక చించేశాను. సింహాచలానికి మేకల గురించి కొంత చెప్పాను.

పోలమ్మకు వనం వెనక ఇంటి స్థలం ఇవ్వమని రెవెన్యూ వాళ్లకు రాశాను. చాలా ఆలస్యంగా వచ్చింది. పదవీ విరమణ తర్వాత ఒకసారి వెళ్లి చూస్తే, ఆ స్థలంలో ఆమె మేకల్ని కడుతోంది. అవి నిజమైన మేకలే. ఇంకా పాత ఇంట్లోనే ఉంటోంది. అక్కడినుంచైతే వల దిగేటప్పుడు పిలిచే కేక వినిపిస్తుందట.

ఆ ఊళ్లో మా సరుగుళ్లు బాగా నిలిచాయి. కాపలా లేకపోయినా ఎవరూ ఒక్క కొమ్మ నరకలేదు. అలాంటి తుపాను మాత్రం మళ్లీ రాలేదు. అది వచ్చిన రోజున పోలమ్మ ఇల్లు నిలుస్తుందో లేదో నాకు తెలియదు. నేను రాసిచ్చిన కాగితం ఇంకా ఫైల్లోనే ఉంది.

ఈ ఉదంతం వల్ల నాకు తెలిసింది చెప్పి ముగిస్తాను. మా పథకాల్లో రేపటి మనుషులకు సులువుగానే చోటు దొరుకుతుంది. వాళ్లు గ్రామసభకు రారు, ఎదురు చెప్పరు, ఇసుక మీద నిలబడరు. నేటి మనుషులకు చోటు దొరకడమే కష్టం. ఇద్దరికీ చోటు చూసినా, గీతకు బయట ఒకరు మిగలవచ్చు. అప్పుడు ఆ ఒకరు ఎవరో గీత గీసేవాడికి పేరుతో సహా తెలిసి ఉండాలి. ఆ తర్వాత నా ఉద్యోగంలో వల పడని కాలంలో ఏ తీరాన్నీ సర్వే చేయలేదు.