ఏడ్పులవ్వ

మన తెలుగు నేతగాళ్లు వలసొచ్చిన గుజరాత్ భేస్తాన్‌లో పాడేవాళ్లకు పేర్లకేం కొదవ లేదు. బుచ్చవ్వ మొగుడు రాజనర్సు శనివారం భజనలో గొంతెత్తితే మనవాళ్లు పాటగాడన్నారు, పక్కింటి గుజరాతీలు గవైయా అన్నారు. హజీరా ఫ్యాక్టరీల తెలుగు ఇంజనీర్ల పండుగలో మైకు పట్టిన కోమలి గారు గాయని అయ్యారు. చావింట కూర్చుని, పోయినవాళ్ల బతుకంతా రాగం తీసి పాడే బుచ్చవ్వకు మాత్రం దక్కిన పేరు ఏడ్పులవ్వ. శుభకార్యానికి పోతూ ఆమె ఎదురైతే జనం పక్క సందులోకి తిరిగేవారు. మంచి లోకమే!

కరోనా రెండో వేవ్‌లో ఆ పక్క సందువాళ్లే ఫోన్లు చేశారు. శవం ఇంటికి రాదు, నలుగురు కూడకూడదు. అందుకని బుచ్చవ్వ ఫోన్లోనే పాడేది. పోయినవాళ్లు ఏం పని చేశారో, ఎవరిని విడిచి పోయారో ముందే అడిగేది. పేరు మాత్రం ఆఖరున. పేరు పెట్టి పిలిస్తేనే ఆమె పాట ముగిసినట్టు.

ఒక మధ్యాహ్నం ఆస్పత్రి నుంచి ఎవరో ఆయాసపడుతూ ఫోన్ చేశాడు. పోయినాయన సచిన్ మిల్లుల్లో ఇరవై ఏళ్లు సాంచాల మీద బట్ట నేశాడట, ఆ మరమగ్గాల మోతకు చెవులు మందగించాయట, సర్వపిండంటే ప్రాణమట, ఊళ్లో ఒక్కతే కూతురట. బుచ్చవ్వ కళ్లు మూసుకుని అందుకుంది.

"సాంచ సప్పుడుల బిడ్డ పిలుపు ఇనవడని తండ్రీ, గిప్పుడన్న ఇంటున్నవా..."

అవతల వెక్కిళ్లు వినిపించాయి.

"పేరు చెప్పు బిడ్డా, పిలువాలె."

"ముత్యం."

"నువ్వేమైతవ్ ఆయనకు?"

"నేనే ముత్యాన్ని అవ్వా. సచ్చినంక ఇనరాదు గద."

బతికున్న మనిషికి చావుపాట! బుచ్చవ్వ నోటి మీద టపటపా కొట్టుకుంది.

"నీ నోట్ల మన్నువడ! నా తోటి గిదేం పాపం చేపిచ్చినవ్‌రా!"

"మస్తు పాడినవ్ అవ్వా, పాటగత్తెవు. జర పేరు పిలిచి పూర్తి చెయ్యి."

"పిలువ! లేసి ఇంటికి రా, సర్వపిండి చేసి పెడ్త," అని ఫోన్ పెట్టేసింది.

పేరు పిలవలేదు కదా, పాట ముగియలేదు, మనిషి ఉంటాడు. మూడు రోజులు ఆ ఒక్క మాట పట్టుకుని తిరిగింది. రాజనర్సుకు కూడా చెప్పలేదు.

నాలుగో రోజు ఊరి నుంచి ఆడపిల్ల ఫోన్.

"నేను పద్మారాణిని అవ్వా, ముత్యం బిడ్డను. నాయినే నీ నంబరిచ్చిండు. నిన్న ఆడనే కాలవెట్టిండ్రట. మా నాయిన ఒక్క పాటన్న ఇనకుంట పోయిండు అవ్వా."

బుచ్చవ్వ గోడకు చేరగిలబడింది.

"ఇన్నడు బిడ్డా," అంది. "మొత్తం ఇన్నడు. పేరే పిలువలే నేను."