ఊక కుప్ప మీద మంచు బండి

1980ల నడుమ నన్ను సైనిక సామగ్రి తనిఖీ విభాగంలో ఇన్‌స్పెక్టరుగా హైదరాబాదుకు వేశారు. సైన్యానికి సరుకు అమ్మదలచినవాళ్లు ముందు ఒక నమూనా చేసి చూపాలి. దాన్ని పై పరీక్షకు పంపవచ్చో లేదో రాయడం నా పని. నా బల్ల మీదికి వచ్చిన మొదటి ఫైలు, ఎల్‌బీ నగర్‌లో తయారైన మంచు బండిది. ఎండకు తారు కరిగే చోట మంచు బండి ఏమిటని ఆఫీసంతా నవ్వింది. నేనూ నవ్వాను.

చేసినాయన పేరు నరసింహ. నల్లగొండ పల్లె నుంచి వచ్చి, లారీలకు బాడీలు కట్టే షెడ్డు పెట్టుకున్నాడు. మంచు కొండల మీది సైనికులకు సరుకు మోసే బండి కావాలన్న ప్రకటన పేపర్లో చూసి, లారీ పనులు మానేసి దీని మీద కూర్చున్నాడు. ముందు రెండు జారుడు పలకలు, వెనక చక్రాల చుట్టూ తిరిగే వెడల్పాటి రబ్బరు పట్టా. బరువంతా పట్టా మీద పరుచుకుంటే బండి దిగబడదు. మంచును ఆయనా చూడలేదు, నేనూ చూడలేదు. అందుకని రైసుమిల్లు వెనక ఊక కుప్ప ఎక్కించి చూపాడు.

“ఊకల మనిషి దిగబడ్తడు, మంచుల గూడ దిగబడ్తడు. గంతే గదా సార్?” అన్నాడు.

నాకూ సబబుగానే తోచింది. బండి కుప్పను ఇట్టే ఎక్కేసింది. సరేనని రాసి పంపాను.

చలికాలంలో బండి కొండల నుంచి తిరిగొచ్చింది. చక్రాల మధ్య మంచు కూరుకుని, గట్టిపడి, పట్టా బిగుసుకుపోయిందని రిపోర్టు. నిబంధన ప్రకారం ఇంకొక్క అవకాశం ఉంది. అదీ పోతే నమూనా రద్దు. లారీల గిరాకీ అప్పటికే పక్క షెడ్లకు మళ్లిపోయింది. నరసింహ ముఖం చూస్తే నాకు ప్రాణం ఉసూరుమంది.

వానాకాలం వచ్చింది. నేను కిరాయికున్నది దిల్‌సుఖ్‌నగర్ అవతలి కొత్త కాలనీలో. అక్కడ ఇళ్లు లేచాయి గాని రోడ్లు పడలేదు, అంతా నల్లరేగడి బురద. ఒక ఆదివారం స్కూటరు మడ్‌గార్డులో ఇరుక్కున్న బురదను పుల్లతో గీకుతుంటే నరసింహ వచ్చాడు. కాసేపు నిలబడి చూసి పకపకా నవ్వాడు.

“మంచు మీ ఇంటి ముంగటనే ఉన్నది సార్! మనమేమో మిల్లు చుట్టు తిరిగినం!”

ఊక పొడిగా జారిపోతుంది, ఎక్కడా అంటుకోదు. బురదైతే మంచులాగే సందుల్లో కూరుకుని గట్టిపడుతుంది. మేమిద్దరం బోల్తా పడింది అక్కడే. ఆ వానలన్నాళ్లూ మా కాలనీయే పరీక్షా స్థలం. ఇళ్లు కట్టుకునేవాళ్లు తమ సిమెంటు బస్తాలు బండికెక్కించేవారు, పరీక్షకు కావలసిన బరువు అదే. పట్టా బిగుసుకున్నప్పుడల్లా నరసింహ చక్రాలు ఊడదీసుకుని షెడ్డుకు పోయేవాడు. చివరికి నిండు చక్రాలు తీసేసి ఊచల చక్రాలు వేశాడు. బురద ఆ సందుల్లోంచి బయటికి రాలిపోయింది. బండి ఎక్కడా ఆగకుండా మెయిన్ రోడ్డెక్కిన రోజు, తనిఖీకి వచ్చిన ఆఫీసరునన్న సంగతి మరిచి చప్పట్లు కొట్టాను.

రెండో పరీక్షకు నరసింహ తనే బండి వెంట వెళ్లాడు. అక్కడి నుంచి నాకు ట్రంకాల్ చేశాడు.

“పట్టా ఆగలే సార్. మంచే అలసిపోయింది!”

ఆర్డరు చిన్నదే వచ్చింది. కానీ బురద పట్టని ఆ పట్టాలు తర్వాత వరికోత యంత్రాలకు పనికొచ్చాయి, షెడ్డు ఫ్యాక్టరీ అయింది. నరసింహ పోయాక ఆయన కూతురు అబ్దుల్లాపూర్‌మెట్ దగ్గర దాన్ని నడుపుతోంది.

ఈ వ్యవహారం నాకు నేర్పింది ఒకటే. పరీక్షకు నేల వెతికేటప్పుడు, చూపుకు పోలిందని సరిపెట్టుకోకూడదు, బండిని నిజంగా ఆపగలిగేదే వెతకాలి. రిటైరయ్యేదాకా ఏ నమూనా వచ్చినా నేను మొదట అడిగింది, ఇది ఎక్కడ ఆగుతుందనే.