చెయ్యి చెప్పిన బరువు

నా చేతికి కాటా అక్కర్లేదని దివిసీమలో మా ఊరంతా ఒప్పుకుంటుంది. ముప్పై ఏళ్లుగా చేపలమ్ముతున్నాను. పండుగప్పను అలా ఎత్తి బరువు చెబితే, తర్వాత కాటా కూడా అదే చెబుతుంది. నా కూతురు పుట్టిన రోజు కూడా ఆ చెయ్యి నిజమే చెప్పింది. మంత్రసాని పసిగుడ్డును అందించగానే కిలోన్నర, అంతకు మించి లేదనుకున్నాను.

తప్పు మాదే. కడుపుతో ఉన్నది కడుపునిండా తింటే బిడ్డ పెరిగిపోయి కాన్పు కష్టమవుతుందని మా అత్త నాకు పూటకు రెండు పిడికిళ్ల అన్నమే పెట్టేది. ఆవిడ చెడ్డది కాదు, తొలికాన్పులో సొంత చెల్లెల్ని పోగొట్టుకుంది. నేనూ నమ్మాను. అందుకు నా మీద నాకిప్పటికీ కోపమే.

పిల్ల బతికింది. కానీ గాలి మారితే చాలు దగ్గు, ఈడు పిల్లలకన్నా జానెడు పొట్టి. దానికి పెళ్లయి కడుపొచ్చాక బందరు ఆసుపత్రికి తీసుకెళ్లాను. డాక్టరమ్మ పాత సంగతులన్నీ అడిగింది.

"తక్కువ బరువుతో పుట్టినవాళ్లకి బీపీ, షుగరు వచ్చే భయం ఎక్కువమ్మా. పుట్టే బిడ్డా చిన్నగా ఉండొచ్చు. నెలనెలా తీసుకురండి, బాగా పెట్టండి."

ఆనాడు నేను తినని అన్నం మనవల దాకా వస్తుందా?

ఇక దాని వెంటబడి తినిపించాను. గుడ్డు, పప్పు, పాలు, చేపల పులుసు.

"చెరువులో చేపననుకున్నావా అమ్మా, ఇలా మేపుతున్నావ్?" అని విసుక్కునేది.

"నోర్మూసుకుని తిను," అనేదాన్ని.

ఏడో నెలలో బీపీ పెరిగింది. మాత్రలతో అదుపులోకి వచ్చింది. ఒక్క నెల కూడా బందరు బస్సు తప్పనివ్వలేదు.

కాన్పయ్యాక నర్సు మనవరాలిని తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మీరు చేపలమ్ముతారంట కదండీ, ఎంతుంటుందో చెప్పండి చూద్దాం," అంది నవ్వుతూ.

ఆనాటి కిలోన్నరే గుర్తొచ్చింది. "రెండు కూడా ఉండదేమోనమ్మా," అన్నాను.

నర్సు బిడ్డను కాటా మీద పడుకోబెట్టింది. అంకెలు ఆగేదాకా నాకు ఊపిరాడలేదు. రెండు కిలోల ఏడు వందలు. మళ్లీ తూచమన్నాను. మళ్లీ అంతే. అక్కడే నేల మీద చతికిలబడి ఏడ్చేశాను.

నా ఏడుపు విని మంచం మీంచి కూతురు కంగారుపడింది. "ఏమైందమ్మా?"

"ఏం లేదే. నా చెయ్యి తప్పు చెప్పింది," అన్నాను.