మా ఇంట్లో ఇద్దరు కుళ్లాయప్పలు

మొన్న పెద్దల అమావాస్యకు మా మరిది మనవడు బెంగుళూరు నుంచి వచ్చి, మన వంశవృక్షం అంటూ చాపంత కాగితం ఒకటి నా మంచం మీద పరిచాడు. కంప్యూటర్ల కొలువు చేసే పిల్లవాడు, సెలవు దొరికితే సినిమాలకు పోక, ఏడాదిగా తహసీల్దారు ఆఫీసు చుట్టూ, పాత ఓటర్ల జాబితాల చుట్టూ తిరిగి, ఎవరు ఎవరి కొడుకో, ఎవరు ఎప్పుడు పోయారో అంతా రాబట్టాడట. తాత పేరు అడిగితే ఫోను తీసి చూసుకునే ఈ కాలంలో వీడు ముత్తాతల దాకా పోయాడే అని ముచ్చటేసింది. దాన్ని అచ్చు వేయించి, పటాలు కట్టించి, చుట్టాలందరి ఇళ్లకూ ఒక్కొక్కటి పంపాలని వాడి కోరిక. మా తరంలో మిగిలినదాన్ని నేనొక్కదాన్నే కాబట్టి, ఒకసారి చూసి సరే అనమన్నాడు.

కళ్లజోడు పెట్టుకుని చూశాను. పైన మా మామగారు కుళ్లాయప్ప, ఆయన కింద మా ఆయన, మా మరిది. మా ఆయన పక్కన నేను. మా ఇద్దరి కింద నా కొడుకు ఒక్కడే. ఇప్పుడు ధర్మవరంలో నేనుంటున్నది వాడి దగ్గరే. మామగారి గడిలో ఆయన పోయిన సంవత్సరం వేసి ఉంది. అది చూడగానే నా వేలు కాగితం మీదే ఆగిపోయింది. ఆయన పోయింది అప్పుడు కాదు. నేను ఆ ఇంటికి కోడలిగా రాకముందే పోయారు, ఆయన ముఖం కూడా నేను ఎరగను. ఆ సంవత్సరం పోయింది ఇంకో కుళ్లాయప్ప, నా పెద్దకొడుకు.

మా అనంతపురం పల్లెల్లో ఆ పేరు ఎంత విరివిగా ఉంటుందో ఆ పక్క పుట్టినవాళ్లకు చెప్పనక్కర్లేదు. గూగూడు కుళ్లాయిస్వామికి మొక్కుకుంటే పుట్టిన పిల్లలకు, హిందువుల ఇంట అయినా సాయిబుల ఇంట అయినా, స్వామి పేరే పెట్టుకునేవారు. మా వీధిలో నిలబడి కుళ్లాయప్పా అని కేకేస్తే అటూ ఇటూ తలుపులు తెరుచుకునేవి. అందుకని ఒకాయన బావికాడ కుళ్లాయప్ప, ఒకాయన మగ్గం కుళ్లాయప్ప, ఇంకొకాయన పొట్టి కుళ్లాయప్ప. ఆ తగిలింపులన్నీ జనం నోళ్లలో ఉండేవే తప్ప ఏ రికార్డుకూ ఎక్కేవి కావు.

ఇక మన కాలపు ఆడవాళ్లకు మొగుడి పేరు, మామ పేరు పలకడం తప్పు కదా. జనాభా లెక్కలవాళ్లు వచ్చి ఇంటాయన పేరు అడిగితే పక్కింటి పిల్లను పిలిచి చెప్పించడం, ఎవరూ దొరక్కపోతే ఏడుకొండలాయన పేరని చేత్తో పైకి చూపించడం మీలో చాలామంది చేసే ఉంటారు. తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. కానీ చనిపోయిన మామగారి పేరునే మనవడికి పెట్టుకున్న ఇంట్లో ఏం జరిగేదో ఆలోచించండి. మా అత్తకు అది మొగుడి పేరు, మా ఆయనకూ మరిదికీ కన్నతండ్రి పేరు, నాకు మామ పేరు. ఇంటిల్లిపాదిలో ఆ పసివాణ్ణి పేరుపెట్టి పిలిచే నోరు ఒక్కటీ లేదు. మా అత్త ఏమప్పా అనేది, మా ఆయన నాయనా అనేవాడు, నేను పెద్దయ్యా అనేదాన్ని. ఒరేయ్ అని కసరడానికి కూడా లేదు. ఒకసారి విత్తనానికి దాచిన చెనిక్కాయలు, అదే వేరుశనగ కాయలు, బొక్కుతున్నాడని గట్టిగా అరిచాను. మా అత్త ఊరుకుంటుందా, “ఏమే, మీ మామ పేరు పెట్టుకున్నోన్ని పట్టుకోని ‘రా, పో’ అంటాండావే” అని నన్నే నిలబెట్టి కడిగేసింది. వాడు అవ్వ కొంగు చాటునుంచి నన్ను చూసి కిసుక్కున నవ్వాడు.

బడిలో వేసిన కొత్తలో ఐవారు హాజరు పిలుస్తుంటే వాడు పలకలేదట. ఇంకెవరినో పిలుస్తున్నారనుకుని వెనక్కి తిరిగి చూశాడట. సాయంత్రం ఇంటికొచ్చి పలక ఒక మూల పడేసి, “అమ్మా, ఐవారు నన్ను కుళ్లాయప్ప అంటాండాడు. అది నా పేరేనా?” అని అడిగాడు. అవునన్నాను. అయితే నువ్వొకసారి చెప్పమన్నాడు. నేను నవ్వి, గూగూడు స్వామి పేరు అన్నాను. వాడికి అది చాల్లేదు. ఆనాటి నుంచి అదొక ఆట అయింది. నేను నీళ్ల బిందెతో వస్తుంటే గడపకు అడ్డంగా చేతులు చాచి నిలబడి, పేరు చెబితేనే దారి ఇస్తాననేవాడు. నువ్వు పెద్దోడివి కా, అప్పుడు చెప్తాలే అని నడుం తిప్పి తప్పించుకునేదాన్ని. వాడికి అమ్మ నోట ఆ మాట వినాలని ఎంత ఆశగా ఉండేదో అప్పట్లో నాకు తెలియలేదు.

ఆ మరుసటి ఏడు వానలు పూర్తిగా ఎగ్గొట్టాయి. చెనిక్కాయ మొలిచినచోటే మాడిపోయింది, బావులు ఎండిపోయి ఏటి ఇసుకలో చెలమలు తవ్వుకుని చెంబుతో తోడిన నీళ్లే తాగాం. మా ఆయన, మరిది బళ్లారి వైపు కూలికి పోయారు. ఆ రోజుల్లోనే వాడికి జ్వరం తగిలింది. నాటు మందు పనిచేయలేదు. అనంతపురం తీసుకుపోదామంటే బస్సు రోడ్డు దాకా బండి కట్టడానికి ఊళ్లో ఎద్దులు లేవు, మేత లేక అప్పటికే అందరూ సంతకు తోలి అమ్మేశారు. వాడు స్పృహ తప్పుతుంటే, గట్టిగా పిలవండి, తిరుగుతాడు అన్నారు చేరినవాళ్లు. నేను పెద్దయ్యా, నాయనా అని గుక్క తిప్పుకోకుండా పిలిచాను. పలకలేదు. పక్కింటి అక్క వంగి వాడి చెవిలో “కుళ్లాయప్పా” అంది. కళ్లు తెరిచాడు. తెరిచి ఆమె వైపు చూశాడు. ఇటుపక్కన నేనున్నాను. మళ్లీ కళ్లు మూశాడు, ఇక తెరవలేదు.

అప్పుడైనా ఆ పేరు నా నోటికి ఎందుకు రాలేదని ఇన్నేళ్లూ నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. ఎదురుగా అత్త ఉంది, చుట్టూ జనం ఉన్నారు, పుట్టి బుద్ధెరిగి అలవాటు లేని మాట. ఏం చెప్పుకున్నా కడుపులో బాధ మాత్రం తీరదు.

ఊరి తలారి పోయి కుళ్లాయప్ప పోయినాడని చెప్పాడు, చావుల లెక్క రాసేవాళ్లు రాసుకున్నారు. ఏ కుళ్లాయప్ప, ఎంత వయసు అని ఎవరూ అడగలేదు. మామగారి చావును మాత్రం అంతకుముందు ఎవరూ రాయించనే లేదు. కొన్నేళ్లకు పొలం అన్నదమ్ముల పేర్లకు మార్చాల్సి వచ్చినప్పుడు, తండ్రి చనిపోయినట్టు కాగితం కావాలన్నారు. ఆ చావుల లెక్కలో వెతికితే మా ఇంటి కుళ్లాయప్ప ఒక్కడే దొరికాడు. ఇదే కదప్పా అని ఆఫీసువాళ్లు అడిగితే మా ఆయన కాదనలేదని తర్వాత మరిది చెప్పాడు. ఆయన ఆ కాగితం తెచ్చి గూట్లో పెట్టి, అన్నం ముట్టకుండా చేనికి వెళ్లిపోయాడు. మా ఇద్దరి మధ్యా ఆ మాట ఎన్నడూ రాలేదు. అట్లా నా బిడ్డ చావు వాళ్ల తాత ఖాతాలో పడింది. పుట్టినట్టు ఎవరూ రాయించలేదు కాబట్టి, కాగితాల ప్రకారం వాడు ఈ భూమ్మీదికి రానేలేదు.

మరిది మనవడికి ఇవేవీ తెలియవు. నా రెండోవాడికే సరిగా తెలియదు, వాడు పుట్టేనాటికి ఇంట్లో ఆ ఊసు ఎత్తేవాళ్లు లేరు. “ఏమవ్వా, అంతా సరిగ్గా ఉండాదా? రేపు అచ్చుకిస్తా” అన్నాడు పిల్లవాడు. తల ఊపితే అయిపోయేది. కానీ ఊపితే, ఆ పటాలు తగిలించిన ఏ గోడ మీదా నా బిడ్డ ఉండడు, నేను పోయాక వాడొకడు ఉండేవాడని చెప్పేవాళ్లూ ఉండరు. “మీ ముత్తాత అప్పుడు పోలేదు నాయనా. ఆ పోయినోడు నా పెద్దకొడుకు” అన్నాను.

పిల్లవాడు కంప్యూటరు తెరిచి, మా ఇద్దరి కింద కొత్తగా ఒక గడి గీసి, పేరేమవ్వా అని అడిగాడు. అత్త లేదు, ఆయన లేడు, తప్పని అనేవాళ్లు ఎవరూ లేరు. అయినా కొంగు తల మీదికి లాక్కున్నాను. కుళ్లాయప్ప అన్నాను. డెబ్బై దాటిన నా నోట ఆ పేరు రావడం అదే మొదలు, ఎవరో పరాయి మనిషి మాట్లాడినట్టు వినిపించింది. “ఇద్దరికీ అదే పేరా? అందుకే కలిసిపోయినారు” అంటూ వాడు చకచకా కొట్టుకున్నాడు. పుట్టిన తేదీ అడిగితే చెనిక్కాయ పెరికే కాలమని మాత్రమే చెప్పగలిగాను, అక్కడ ప్రశ్న గుర్తు పెట్టాడు. గడప దగ్గర నిలబడి విన్న నా కొడుకు వచ్చి నా పక్కన కూర్చున్నాడు.

ఇప్పుడు మా మనవడి భార్య మిద్దె మీది నుంచి మొగుణ్ణి పేరుపెట్టి కేకేస్తుంది, కూరగాయల బండివాణ్ణి పిలిచినంత సులువుగా. మొదట్లో ఒళ్లు మండేది, ఇప్పుడు ఆ కేక కోసం చెవి ఒగ్గుతాను. పిల్లలకు కూడా ఎక్కడా విననివి వెతికి మరీ పెడుతున్నారు, ఒకరి పేరు ఇంకొకరికి లేదు, రేపు వీళ్ల వంశవృక్షం రాసేవాళ్లకు ఏ తికమకా ఉండదు. మంచిదే. మేము పలకకపోవడమే మర్యాద అనుకున్నాం. ఆ మర్యాద వల్ల నేను ఎన్నడూ చూడని మామగారికి ఏం ఒరిగిందో తెలియదు గానీ, నా బిడ్డ మాత్రం కన్నతల్లి నోట తన పేరు ఒక్కసారైనా వినకుండానే పోయాడు.